ఏడాది తిరిగే ఊరు

పోయిన ఏడాది మాకు డాలస్ వెళ్ళిపోయే అవకాశం వచ్చింది. మా ఆయనకు జీతం పెరుగుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇక్కడ పెన్సిల్వేనియాలో 3.07 శాతం కట్టాలి. అన్నయ్యా వదినా డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఉన్నారు. మూడు వారాల పాటు ఇంట్లో ఇదే మాట. చివరికి వెళ్ళలేదు, పిట్స్‌బర్గ్‌లోనే ఉండిపోయాం.

"ఎందుకమ్మాయ్ ఆ చలిలో పడి ఉంటారు? ఇక్కడికొస్తే పిల్లాడు మన పిల్లల మధ్య పెరుగుతాడు కదా" అన్నాడు అన్నయ్య. ఫోన్‌లో సరైన జవాబు చెప్పలేకపోయాను. "ఇక్కడ నాలుగు కాలాలుంటాయి అన్నయ్యా" అన్నాను. తనకి అదొక కారణంలా అనిపించలేదు. తన తప్పేమీ లేదు, నేను సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

పిట్స్‌బర్గ్ రాకముందు ఆరేళ్ళు కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉన్నాం. బాబు అక్కడే పుట్టాడు. ఆ వాతావరణాన్ని మెచ్చుకోనివాళ్ళు లేరు. నేనూ చాలా మెచ్చుకున్నాను. ఒకరోజు వాడి ఫోటోలన్నీ ఆల్బమ్‌లో పెడదామని కూర్చున్నాను. ఏ ఫోటో చూసినా అదే పార్కు, అదే ఎండ, అదే పొట్టి చేతుల చొక్కా. ఫిబ్రవరో, ఆగస్టో పోల్చుకోలేకపోయాను. వాడి ఎత్తు చూసి ఏ సంవత్సరమో చెప్పగలిగాను కానీ నెల చెప్పలేకపోయాను. ఫోన్‌లో తేదీ ఉంటుంది, నిజమే. నా జ్ఞాపకంలో మాత్రం లేదు. ఆరేళ్ళు ఎటు పోయాయో తెలియని దిగులు పట్టుకుంది ఆ రాత్రి.

అక్కడ కాలాలు లేవని అనను. మొదటి వాన నవంబరు దగ్గర్లో పడుతుంది, జనవరికి కొండలు పచ్చబడతాయి, మే నాటికి గడ్డి ఎండి బంగారు రంగుకి తిరుగుతుంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ తేడాలు బాగా తెలుస్తాయి. నా కళ్ళు వేరే చోట తయారయ్యాయి.

మాది మాచర్ల దగ్గర పల్లె. ఎండాకాలం రేడియో వార్తల్లో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అనగానే రెంటచింతల పేరు వినపడేది. పక్క ఊరి పేరు రేడియోలో వచ్చిందని పిల్లలం సంబరపడేవాళ్ళం. ఆ ఎండకి ఎంత మంది వడదెబ్బ తిన్నారో అప్పుడు తెలియదు. మా నాన్న మిరప రైతు. ఆయనకి నెలల కంటే కార్తెలు ముఖ్యం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటే అది మాకు సామెత కాదు, మధ్యాహ్నం వాకిట్లో కాలు పెట్టలేకపోవడం. మృగశిరకి గాలి తిరుగుతుంది. తొలకరి పడ్డాక చేలో ఎర్రటి ముఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. మాఘంలో కల్లాల నిండా మిరపకాయలు, ఊరంతా ఘాటు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. చెరకు గడకి కణుపులున్నట్టు మా ఏడాదికి కణుపులు ఉండేవి. చేత్తో తడిమితే ఎక్కడున్నామో తెలిసేది. సన్నీవేల్‌లో నేను పోగొట్టుకున్నది ఆ కణుపులే. 2017లో ఉద్యోగరీత్యా పిట్స్‌బర్గ్ వచ్చాక అవి మళ్ళీ చేతికి తగిలాయి.

మా ఆయన ఇదంతా విని, "కాలాలు కావాలంటే ఉత్తరానికి వెళ్తే చాలు కదా" అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. అక్షాంశం ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. సన్నీవేల్ 37 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, పిట్స్‌బర్గ్ 40 మీద. మూడు డిగ్రీలే తేడా. అయినా అక్కడ జనవరికీ జులైకీ సగటున 11, 12 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే, ఇక్కడ పాతిక డిగ్రీలు. జనవరి సగటు సున్నాకి రెండు డిగ్రీలు కింద, జులై సగటు 23 దగ్గర. కారణం సముద్రం. ఈ అక్షాంశాల్లో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. పడమటి తీరానికి వచ్చే గాలి పసిఫిక్ మీదుగా వస్తుంది, నీరు తొందరగా వేడెక్కదు, తొందరగా చల్లారదు. పిట్స్‌బర్గ్‌కి వచ్చే గాలి వందల మైళ్ళ నేల మీదుగా వస్తుంది, నేల రెండూ తొందరగానే చేస్తుంది. 51 డిగ్రీల పైన ఉన్న లండన్‌లో చలికాలం పిట్స్‌బర్గ్ కంటే మెత్తగా ఉండటానికీ సముద్రపు గాలే కారణం.

వెలుతురు సంగతి మాత్రం అక్షాంశమే తేలుస్తుంది. మాచర్లలో అతి చిన్న పగలు 11 గంటలు, అతి పెద్ద పగలు 13 గంటలు. పిట్స్‌బర్గ్‌లో డిసెంబరు 21న తొమ్మిదింపావు గంటలే పగలు, జూన్ 21న పదిహేను గంటలు. వచ్చిన మొదటి ఏడాది నన్ను చలికంటే ఇదే ఎక్కువ కలవరపెట్టింది. సాయంత్రం ఐదింటికి దీపం పెట్టే వేళ దాటిపోతుంది. జూన్‌లో తొమ్మిదింటికి కూడా పిల్లలు వీధిలో ఆడుతుంటారు, అన్నానికి పిలిస్తే "ఇంకా వెలుతురుంది కదమ్మా" అంటారు.

ఇక్కడి ఆకురాలు కాలం గురించి నాకు మొదట్లో ఒక తికమక ఉండేది. మన ఆరు ఋతువుల్లో ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఇక్కడ అక్టోబరులోనే రాలుతుంది, అంటే మన లెక్కన శరత్తు. నల్లమలలో చెట్టు ఆకు రాల్చేది ముందున్న ఎండాకాలానికి నీళ్ళు దాచుకోవడానికి. ఇక్కడి చెట్టు చలికి రాలుస్తుంది కదా, రెండూ వేరు అనుకున్నాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఏమిటంటే, నేల గడ్డకట్టాక వేరుకి నీరు అందదు. ఆకులుంటే ఉన్న తడి కూడా ఆవిరైపోతుంది. ఎండకి భయపడే టేకు చెట్టూ, మంచుకి భయపడే మేపుల్ చెట్టూ చేసేది ఒకే పని. ఈ సంగతి తెలిసిన రోజు పల్నాటికీ పెన్సిల్వేనియాకీ మధ్య దారి దొరికినట్టయింది నాకు.

రంగుల సంగతి కూడా అంతే. పసుపు, నారింజ రంగులు ఆకులో మొదటి నుంచీ ఉంటాయి. పగలు తగ్గేకొద్దీ చెట్టు పచ్చదనాన్ని తయారు చేయడం మానేస్తుంది, అడుగున ఉన్నది బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, అది అప్పటికప్పుడు తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఆకులో చక్కెర నిలిచిపోయి ఎరుపు చిక్కబడుతుంది. అందుకే ఏ రెండేళ్ళూ ఒకేలా ఉండవు. వాన ముసురు పట్టిన ఏడాది మా వీధి వెలవెలబోతుంది. అక్టోబరు మొదటి వారం నుంచీ ఇరుగుపొరుగు అంతా దీని గురించే మాట్లాడుకుంటారు. ఊరంతటికీ ఒకేసారి ఒకే ఎదురుచూపు ఉండటం ఎంత మంచి విషయమో ఇక్కడే తెలిసింది.

ఇక చలికాలం. ఇక్కడ నిజం దాచకూడదు, దాస్తే నా మాట నమ్మి వచ్చినవాళ్ళకి అన్యాయం చేసినదాన్ని అవుతాను.

భయపడాల్సింది మంచుకి కాదు. మంచు పడ్డ రోజు వెలుతురుగా, అందంగా ఉంటుంది. నిజమైన కష్టం మబ్బు. ఉత్తరాన ఈరీ సరస్సు ఉంది. చల్లగాలి ఆ నీటి మీదుగా వస్తూ తడిని మోసుకొస్తుంది. సరస్సు ఒడ్డునున్న ఈరీ పట్టణంలో 2017 క్రిస్మస్ నాడు ఒక్కరోజులో 34 అంగుళాల మంచు పడింది. మాకు అంత మంచు రాదు, మబ్బు మాత్రం వస్తుంది. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా వరసగా వారం రోజులు సూర్యుడు కనపడని సందర్భాలు ఉంటాయి. వచ్చిన మొదటి జనవరిలో నాకు కారణం లేకుండా ఏడుపు వచ్చేది. వంట చేయాలనిపించేది కాదు. పిల్లాడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పే ఓపిక ఉండేది కాదు. నాలో ఏదో లోపం ఉందనుకున్నాను. డాక్టరుకి చూపించుకుంటే విటమిన్ డి బాగా తక్కువ ఉందని తేలింది. ఈ అక్షాంశంలో చలికాలపు ఎండ వాలుగా పడుతుంది, దానితో ఒంట్లో విటమిన్ డి సరిగ్గా తయారవదు. మన చామనఛాయ ఒంటికి ఇంకా ఎక్కువ ఎండ కావాలి. మిగతా దిగులుకి కూడా పేరుందని అప్పుడే తెలిసింది. ఏటా చలికాలంలో వచ్చే ఈ కుంగుబాటుని 1984లో నార్మన్ రోసెంథాల్, ఆయన తోటి పరిశోధకులు వివరించారు. ఆయన ఎండ దేశమైన దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వచ్చిన మనిషి, చలికాలంలో తనలో వచ్చిన మార్పుని గమనించుకున్నాడు. అది చదివాక ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఇప్పుడు నవంబరు నుంచి పొద్దున్నే అరగంట పది వేల లక్స్ దీపం ముందు కూర్చుంటాను. కాఫీ అక్కడే తాగుతాను. ఎంత మబ్బుగా ఉన్నా మధ్యాహ్నం ఇరవై నిమిషాలు బయట నడుస్తాను. ఎవరైనా ఈ దిగులుతో ఉంటే దయచేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మీలో మీరే దాచుకోకండి.

ఇంకొకటి. నా స్నేహితురాలి అత్తగారు విజయవాడ నుంచి నవంబరులో వచ్చారు. మనవరాలు పుట్టిన సమయం, తప్పని ప్రయాణం. డెబ్బై ఏళ్ళ మనిషి, రోజూ తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున నడిచే అలవాటు. ఇక్కడ నాలుగు నెలలు కిటికీ దగ్గరే గడిపారు. మెట్ల మీద కంటికి కనపడని మంచు పొర, జారితే తుంటి ఎముక విరుగుతుందని కొడుకు బయటికి పంపలేదు. "అమ్మా, రోజులో ఒక్క మనిషి గొంతు కూడా వీధిలో వినపడదేమిటి?" అని నన్ను అడిగారు. ఆ మాట నేను మరచిపోలేదు. పెద్దవాళ్ళు ఏడాది పొడవునా మీతో ఉండబోతుంటే ఇలాంటి ఊరు ఎంచుకునే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. కాలాల అందం వాళ్ళ ఒంటరితనం కంటే ఎక్కువ కాదు.

అయితే చలికాలం మనుషుల్ని విడదీస్తుందని మాత్రం ఒప్పుకోను. మంచు ఆగిన ఇరవై నాలుగు గంటల్లో ఇంటి ముందు నడకదారి ఎవరికి వారు శుభ్రం చేసుకోవాలని ఈ ఊళ్ళో చట్టం ఉంది. మా పక్కింటి ముసలాయన పార పట్టుకుని ఎప్పుడూ మా ముంగిలి కూడా తోసేసేవాడు. రెండేళ్ళ తర్వాత ఆయన నడుముకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు మా అబ్బాయి ముందు ఆయన ముంగిలి తోసి, తర్వాత మాది తోస్తాడు. కష్టపడి మంచు తీసి కారుకి చోటు చేసుకున్నవాళ్ళు ఆ చోటులో ఒక పాత కుర్చీ పెట్టి వెళ్తారు. పిట్స్‌బర్గ్‌లో ఆ కుర్చీని ఎవరూ కదపరు. ఏ చట్టమూ ఆ కుర్చీకి హక్కు ఇవ్వలేదు, ఎదుటి మనిషి కష్టానికి ఇచ్చే గౌరవం అది. ఏడాదంతా ఎండ కాసే ఊళ్ళో ఆరేళ్ళుండి మా పక్కింటివాళ్ళ పేరు కూడా తెలుసుకోలేదు నేను.

సంక్రాంతి అర్థం కూడా నాకు ఇక్కడే తెలిసింది. ఉత్తరాయణం అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను, పగలు కాస్త కాస్త పెరగడం మాచర్లలో ఎవరికి పట్టింది? ఇక్కడ జనవరి మధ్యకి వచ్చేసరికి సాయంత్రం వెలుతురు నాలుగు నిమిషాలు, ఆరు నిమిషాలు నిలబడుతుంటే గుండె తేలికపడుతుంది. భోగి మంట వేయడానికి వీల్లేదు, పొయ్యి ముందు కూర్చుంటాం. పిట్స్‌బర్గ్ పక్కనే పెన్ హిల్స్‌లో కొండవాలున 1970లలో కట్టిన వేంకటేశ్వరుడి గుడికి వెళ్తే తెల్లటి గోపురం మీద తెల్లటి మంచు. సాక్సులు తడిసి కాళ్ళు కొంకర్లు పోతుంటాయి, లోపల వేడి పులిహోర. ఫిబ్రవరి 2న ఇక్కడికి ఈశాన్యాన ఉన్న పంక్సటానీ ఊళ్ళో గ్రౌండ్‌హాగ్ అనే బొరియ జంతువుని బయటికి తీసి, దానికి నీడ కనిపిస్తే ఇంకా ఆరు వారాలు చలి అని చెప్పే వేడుక 1887 నుంచీ జరుగుతోంది. జోస్యం నిజమవుతుందా లేదా అని కాదు. చలి ఎప్పుడు పోతుందని జనమంతా కలిసి అడగడం ముఖ్యం. మన శివరాత్రి సామెతా ఆ ప్రశ్న నుంచి పుట్టిందే.

వసంతం గురించి ఎక్కువ చెప్పను, చూడాల్సిందే. మంచులోంచి క్రోకస్ మొలక తల బయటపెడుతుంది. ఏప్రిల్‌లో రెడ్‌బడ్ చెట్టు మన మోదుగలా ఆకు రాకముందే పూస్తుంది, బెరడు మీదే గులాబీ రంగు మొగ్గలు. తులిప్ దుంపలకీ, యాపిల్ చెట్లకీ తగినంత చలి తగలకపోతే సరిగ్గా పూయవట. ఆ మాట విన్న ఏడాది నుంచి అక్టోబరులో పెరట్లో వెల్లుల్లి పాతుతున్నాను. చలికాలమంతా నేలలో పడుకుని జులైకి గడ్డలు కడుతుంది. గోంగూర మాత్రం మే నెల సగం దాటాక వేయాలి, ముందు వేస్తే రాత్రిపూట గడ్డకట్టే చలి కాటుకి నల్లబడిపోతుంది. అక్టోబరుకి అయిపోతుంది. ఐదు నెలల గోంగూర. సన్నీవేల్‌లో కొట్టుకెళ్తే ఎప్పుడూ దొరికేది, ఎప్పుడు తిన్నానో గుర్తులేదు. ఇక్కడ జూన్ చివర్లో తొలి కోతకి పచ్చడి నూరిన రోజు మా ఇంట్లో పండగ. కరివేపాకు కుండీని అక్టోబరులో లోపలికీ, మేలో బయటికీ మోసేది మా ఆయనే.

డాలస్ సంగతికి వస్తాను. అక్కడ చలి లేదంటారు కానీ 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చినప్పుడు అన్నయ్య వాళ్ళింట్లో కరెంటు లేక, పైపులు పగిలి, వదిన పిల్లల్ని కారులో హీటరు వేసి కూర్చోబెట్టింది. ఆ వారం డాలస్‌లో సున్నా ఫారెన్‌హీట్ కిందకి వెళ్ళింది, సెల్సియస్‌లో మైనస్ 18 కన్నా తక్కువ. అలాంటి చలి ఇక్కడా వస్తుంది, కానీ ఇక్కడ పైపులు దాన్ని తట్టుకునేలా వేసి ఉంటాయి, రోడ్ల మీద ఉప్పు చల్లే బండ్లు సిద్ధంగా ఉంటాయి. చలికి అలవాటు లేని ఊళ్ళో చలి ఎక్కువ ప్రమాదం. ఇక జులై ఆగస్టుల్లో అక్కడి పిల్లలు మధ్యాహ్నాలు ఏసీ గదిలోనే ఉంటారు. ఏ ఊరైనా ఏడాదిలో కొన్ని నెలలు మనల్ని ఇంట్లో కూర్చోబెడుతుంది. ఏ నెలలు ఇంట్లో ఉండగలమో చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

అందుకే ఊరు వెతుక్కునేవాళ్ళకి నేను చెప్పేది ఇది. అక్టోబరులో వచ్చి ఎర్రటి ఆకులు చూసి ఇల్లు కొనకండి. ఫిబ్రవరి రెండో వారంలో రండి. ఐదు రోజులుండండి, బస్సెక్కండి, కొట్టుకి నడవండి. ఒక చలికాలం అద్దెకి ఉండండి. సగటు ఉష్ణోగ్రత కంటే మబ్బు పట్టే రోజుల లెక్క ముందు చూడండి. మబ్బు మీకు పడదనుకుంటే డెన్వర్ లాంటి చోట మంచూ ఉంటుంది, దానితో పాటు ఎండా ఉంటుంది. ఇంట్లో దక్షిణం వైపు కిటికీలు ఉన్నాయో లేదో చూసుకోండి, చలికాలం సూర్యుడు అటే ఉంటాడు.

కాలాలు కూడా ఎక్కడివక్కడ నిలబడటం లేదు. ఏ మొక్క ఎంత చలిని తట్టుకుంటుందో చెప్పే అమెరికా వ్యవసాయ శాఖ పటం 2023లో మళ్ళీ వచ్చింది, దేశంలో దాదాపు సగం ప్రాంతం వెచ్చని వైపుకి అరమెట్టు జరిగింది. మా పక్కింటాయన తన చిన్నప్పుడు ఎంత మంచు పడేదో చేత్తో చూపిస్తాడు. నా కొడుకు తన పిల్లలకి దేన్ని చూపిస్తాడోనని భయం వేస్తుంది. ఇష్టపడ్డ దాన్ని పోగొట్టుకుంటున్నామన్న భయం అది.

2019లో అమ్మా నాన్నా మే నెలలో వచ్చి అక్టోబరు దాకా ఉన్నారు. ఆ ఏడాదే ఇక్కడ పదిహేడేళ్ళ సికాడాలు నేలలోంచి వచ్చాయి. మన కీచురాళ్ళ లాంటి పురుగులు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉంటాయి. నేల వెచ్చబడి, జానెడు లోతున 18 డిగ్రీలకి చేరాక లక్షల్లో పైకొస్తాయి. చెవులు పగిలే మోత. అమ్మ హడలిపోయింది. నాన్న మాత్రం చెట్టు కింద గొంతుక్కూర్చుని మట్టిలో కన్నాలు లెక్కపెట్టాడు. "పదిహేడేళ్ళు లోపల ఉండి కార్తె తప్పకుండా వచ్చాయమ్మా" అన్నాడు. మళ్ళీ 2036లో వస్తాయని చెబితే, వేళ్ళ మీద లెక్కేసి, "అప్పటికి వీడికి ఇరవైమూడు" అని మనవడి తల నిమిరాడు. తన వయసు లెక్క వేయలేదు. జూన్ రాత్రుల్లో పెరటి నిండా మిణుగురులు. 1974 నుంచీ పెన్సిల్వేనియా రాష్ట్ర కీటకం మిణుగురే. తాతా మనవడూ వాటి వెంట తిరిగేవాళ్ళు.

సెప్టెంబరు చివర నుంచి నాన్న రోజూ పొద్దున మా ఇంటి ముందున్న మేపుల్ చెట్టు దగ్గర నిలబడేవాడు. పంచాంగం అంచుల్లో రాసుకునేవాడు. పైకొమ్మ ఎర్రబడింది. సగం తిరిగింది. రాలడం మొదలు. ఊరికి వెళ్ళేటప్పుడు ఒక ఆకుని ఆశ్వయుజ మాసం పేజీలో పెట్టుకుని తీసుకెళ్ళాడు.

ఇప్పుడు ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంత దూరం ప్రయాణం చేయలేడు. ఏటా అక్టోబరు వచ్చేసరికి ఫోన్ చేస్తాడు. మొన్న ఆదివారం నేను వెల్లుల్లి పాతుతుంటే మోగింది. చేతుల నిండా మట్టి, స్పీకర్ పెట్టాను.

"మన చెట్టు మొదలుపెట్టిందా అమ్మా?"

లేచి చూశాను. "పైకొమ్మ ఒక్కటే నాన్నా. కిందంతా ఇంకా పచ్చగానే ఉంది."

"రాత్రిళ్ళు చలి ఎలా ఉంది?"

"ఏడు డిగ్రీలు, ఎనిమిది."

కాసేపు ఆగాడు. "అయితే ఇంకో పది రోజులు పడుతుంది" అన్నాడు.